మీకు తెలుసా? ప్రొటీన్లను తరిగే మిషను ముచ్చట్లు

ఒంట్లో ప్రొటీన్లు ఎలా తయారవుతాయో బడి పుస్తకాల్లో బొమ్మలతో సహా ఉంటుంది. తయారైనవన్నీ చివరికి ఏమవుతాయి? ఆ పాఠం దగ్గరికొచ్చేసరికి గంట కొట్టేస్తారు! పాతబడ్డవి, వంకరగా మడతపడ్డవి, పని తీరిపోయినవి... వీటిని ముక్కలు చేయడానికి మన కణాల్లో ఒక మిషను ఉంది. పేరు ప్రోటియాజోమ్. కణం దాన్ని ఎలా బిగిస్తుందో, ఎప్పుడు ఆన్ చేస్తుందో, ఎవరెవరు దాని జోలికి వెళ్ళారో, దొరికిన వింతలన్నీ ఇక్కడ పోశాను. వరస అంటూ ఏమీ లేదు. ఎక్కడ వేలు పెడితే అక్కణ్ణుంచి చదువుకోండి.

● ఈ మిషనులో అసలు తరిగే భాగం పొడవు 15 నానోమీటర్లే! ఆరు మిల్లీమీటర్ల బియ్యపు గింజ పక్కన వీటిని ఒకదాని వెనుక ఒకటి నిలబెడితే, ఈ కొస నుంచి ఆ కొసకు నాలుగు లక్షలు పడతాయి.

● అంత చిన్నదానిలో 28 ప్రొటీన్లు బిగించి ఉంటాయి! ఏడేసి ప్రొటీన్ల చక్రాలు నాలుగు, ఒకదాని మీద ఒకటి. మధ్యలో డొల్ల. తరుగుడంతా ఆ డొల్లలోనే జరుగుతుంది కాబట్టి బయట తిరిగే మంచి ప్రొటీన్లకు ఏ భయమూ లేదు.

● రెండు కొసలకూ టోపీలు తొడిగితే లెక్క 66కు చేరుతుంది, బరువు 25 లక్షల డాల్టన్లు! మన రక్తంలోని హీమోగ్లోబిన్ 64 వేల డాల్టన్లు మాత్రమే, అంటే దాదాపు 39 హీమోగ్లోబిన్లు కలిస్తే ఒక మిషను ఎత్తు.

● సరే, ఆ 28 ప్రొటీన్లలో నిజంగా కోసేవి ఎన్నో చెప్పండి చూద్దాం. పద్నాలుగా? ఇరవయ్యా? ఆరంటే ఆరే! మిగతా 22 గోడలూ తలుపులూ.

● ఆ ఆరింటిలోనూ మూడు రకాలు, ఒక్కొక్క రకానికి ఒక్కొక్క రుచి! జిడ్డు స్వభావం ఉన్న అమైనో ఆమ్లం పక్కన కోసేది ఒకటి, ధనావేశం ఉన్నదాని పక్కన కోసేది ఒకటి, రుణావేశం ఉన్నదాని పక్కన కోసేది మరొకటి.

● పుట్టుకతో ఏ కత్తికీ పదును ఉండదు! కోసే అమైనో ఆమ్లం పేరు థ్రియొనిన్. అది గొలుసుకు సరిగ్గా మొదట్లో ఉండాలి, అప్పుడే కోయగలదు. అందుకని కణం ఆ ప్రొటీన్‌ను తయారుచేసేటప్పుడే థ్రియొనిన్ ముందు ఒక అదనపు ముక్క అతికించి పంపుతుంది. ఈస్ట్‌లో ఒక కత్తికైతే ఈ ముక్క 75 అమైనో ఆమ్లాల పొడుగు! మిషనును కణం రెండు సగాలుగా కడుతుంది. ఆ సగాలు వచ్చి ఒకదానికొకటి అతుక్కున్నాక, అప్పుడు మాత్రమే, కత్తి తన ముందున్న ముక్కను తానే కోసుకుంటుంది. దాని మొట్టమొదటి కోత తన మీదే అన్నమాట! డొల్ల పూర్తిగా మూసుకోకముందే పదును వచ్చి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి: సగం కట్టిన మిషను కణంలో దొరికినదాన్నల్లా కోసుకుంటూ పోయేది.

● ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన వింత. ఈ రెండు సగాలను సరిగ్గా కలపడానికి అంప్1 అనే చిన్న సహాయక ప్రొటీన్ ఒకటి ఉంది. 1998లో ఈస్ట్‌లో బయటపెట్టారు. సగం కట్టిన మిషనులో లోపలి వైపున కూర్చుని, పనులన్నీ సవ్యంగా అయ్యేదాకా అది అక్కడే ఉంటుంది. రెండో సగం వచ్చి మూసుకోగానే లోపల ఇరుక్కుపోతుంది. కత్తులకు పదును వస్తుంది. మరి ఆ కొత్త మిషను తినే మొట్టమొదటి భోజనం ఏది? అంప్1! కట్టినందుకు కూలీ అదీ!

● మనుషుల్లో ఇదే సహాయకుణ్ణి పాంప్ అంటారు. దాని జన్యువు పక్కనున్న అదుపు ప్రాంతంలో ఒక్కటంటే ఒక్క డీఎన్ఏ అక్షరం ఎగిరిపోతే అరుదైన చర్మవ్యాధి వస్తుంది. చర్మం పైపొరలో పాంప్ ఉండాల్సినట్టు ఉండదు, అక్కడ మిషన్ల బిగింపు దెబ్బతిని చర్మం దళసరిగా, పొలుసులుగా మారుతుంది.

● బయటివైపు కాపలాకు సహాయక ప్రొటీన్ల జంట ఒకటి ఉంటుంది. సగం కట్టిన మిషను కొసను పట్టుకుని, దానికి టోపీ తొందరపడి తగులుకోకుండా అడ్డం కూర్చుంటుంది! మిషను పూర్తికాగానే ఆకారం కాస్త మారుతుంది, జంట పట్టు వదిలేసి మరో సగం వెతుక్కుంటూ పోతుంది.

● లోపలి చక్రంలో చివరగా చేరే ఏడో ప్రొటీన్‌కు ఒక తోక ఉంటుంది. అది అవతలి సగంలోకి చొచ్చుకుపోయి రెండు సగాలనూ గట్టిగా పట్టి ఉంచుతుంది! రెండు వైపుల నుంచీ రెండు తోకలు, కాబట్టి డబుల్ బిగింపు.

● టోపీ కట్టడానికి వేరే ముఠా! అందులో నలుగురు సహాయకులు. 2009లో ఒకే ఏడాది పలు ప్రయోగశాలలు విడివిడిగా వీటి పని బయటపెట్టాయి. తమాషా ఏమిటంటే, పూర్తయిన మిషనులో ఈ నలుగురిలో ఒక్కరూ కనిపించరు. బిగించి, దిగి వెళ్ళిపోతారు.

● ఆ నలుగురిలో మనుషుల్లో ఉండేవాడొకడు, పేరు గాంకిరిన్, కాలేయ క్యాన్సర్లలో మోతాదు మించి కనిపించి 2000లోనే వార్తల్లోకి ఎక్కాడు! మిషను కట్టడంలో వాడికి చెయ్యి ఉందన్న సంగతి తేలింది ఆ తర్వాత తొమ్మిదేళ్ళకు.

● టోపీకి అడుగుభాగం, మూత అని రెండు భాగాలు. మూతలో ఒక ప్రొటీన్ ఉంది. పని: లోపలికి పోయే సరుకు మీద, తరగమని గుర్తుగా కణం అంటించిన బిళ్ళలను ఊడదీయడం. మూత విడిగా ఉన్నంతసేపూ అది చేతులు ముడుచుకునే ఉంటుంది! మిషనులో ఎక్కించాకే పని మొదలు. లేకపోతే కణంలో కనిపించిన ప్రతి బిళ్ళనూ పీకేస్తూ పోయేది కదా.

● మూతలో ఉండే తొమ్మిది భాగాల్లో ఆఖరున వచ్చేది ఆర్‌పీఎన్12. అది వచ్చేదాకా మిగతా మూతకు టోపీ అడుగుభాగంతో కలిసే వీలుండదు. దాని కొసనున్న ఒకే ఒక్క మెలిక తగిలితే చాలు, మూత మొత్తం ఆకారం సర్దుకుని సిద్ధమవుతుంది! 2015లో ఇది ప్రచురించినప్పుడు శాస్త్రవేత్తలు ఆ ఒక్క మెలికకే శీర్షికలో చోటిచ్చారు.

● తలుపుకు గడియ ఎంత పొడవు? తొమ్మిది అమైనో ఆమ్లాలు! ఈస్ట్‌లో పైచక్రంలోని ఒక ప్రొటీన్ తోక నుంచి ఆ తొమ్మిదింటినీ కత్తిరిస్తే తలుపు ఎప్పుడూ బార్లా తెరిచే ఉంటుందని 2000లో తేలింది.

● మామూలుగా తెరిచేది టోపీలోని ఆరు మోటార్ల చక్రం. మోటార్ల తోకలు కొన్ని పైచక్రంలోని సందుల్లోకి దిగుతాయి, తలుపు తెరుచుకుంటుంది! తెరుచుకున్నా ఆ కన్నం వెడల్పు ఒకటిన్నర నానోమీటర్లు కూడా ఉండదు. మడతపడి ఉండలా ఉన్న ప్రొటీన్ అందులో పట్టదు, మోటార్లు దాన్ని దారంలా సాగదీసి లోపలికి లాగాల్సిందే.

అలా లాగడానికి శక్తి కావాలి. ఇది మొదట్లో ఎవరికీ మింగుడుపడలేదు. మన కడుపులో పప్పులోని ప్రొటీన్ అరగడానికి కణం ఖర్చు పెట్టే శక్తి అక్కర్లేదు, ఎంజైములే చూసుకుంటాయి. మరి కణం లోపల కూల్చడానికి ఖర్చెందుకు?

● ఆ చిక్కుముడి మొదలైంది 1953లో! మెల్విన్ సింప్సన్ అనే శాస్త్రవేత్త ఎలుక కాలేయపు ముక్కలకు శక్తి అందకుండా చేస్తే ప్రొటీన్లు విరగడం తగ్గిపోయింది. దీనికి జవాబు దొరకడానికి పాతికేళ్ళు పైనే పట్టింది.

● జవాబు దొరికింది కుందేలు రక్తం మరగబెట్టడంతో! ఇజ్రాయెల్‌లోని హైఫాలో, టెక్నియాన్‌లో, అవ్రామ్ హెర్ష్కో, ఆయన విద్యార్థి ఆరన్ చెహనోవర్ కుందేలు లేత ఎర్రకణాల సారంతో పనిచేస్తున్నారు. ఆ సారం నిండా హీమోగ్లోబిన్, దాన్ని వదిలించుకోవడం పెద్ద తలనొప్పి. వేడి చేశారు. హీమోగ్లోబిన్ విరిగి గడ్డకట్టింది, వాళ్ళకు కావలసిన పదార్థం మాత్రం చెక్కుచెదరలేదు. అంత వేడికీ తట్టుకునే ఆ పదార్థమే యుబిక్విటిన్ అని 1980లో తేలింది. తరగమని గుర్తుగా కణం అంటించే బిళ్ళ ఇదే. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో తమకు చోటిచ్చి కలిసి పనిచేసిన ఇర్విన్ రోజ్‌తో పాటు ఆ ఇద్దరికీ 2004లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది.

● యుబిక్విటిన్ పొడవు 76 అమైనో ఆమ్లాలు. రొట్టెను పొంగించే ఈస్ట్‌కూ మనకూ మధ్య అందులో తేడా ఎన్నింటిలో? మూడు! వంద కోట్ల ఏళ్ళకు పైగా విడివిడిగా బతికినా 73 అలాగే ఉన్నాయి.

● ఒక్క బిళ్ళ అంటిస్తే మామూలుగా చాలదు. నాలుగు బిళ్ళల గొలుసుంటే మిషను బాగా పట్టించుకుంటుంది! తరిగేముందు ఆ బిళ్ళలను ఊడదీసి పక్కన పెడతారు, మళ్ళీ వాడుకోవడానికి.

● బిళ్ళను సిద్ధం చేసే ఎంజైములు మనలో రెండే రెండు. అందుకుని మోసేవి నలభైకి అటూ ఇటూ. ఎవరికి అంటించాలో ఎంచేవి ఆరువందలకు పైనే! ఎవరు పోవాలో తేల్చడానికే కణం ఇంతమంది గుమాస్తాలను పెట్టుకుంది మరి.

● బిళ్ళ లేకుండా లోపలికి పోయే ఘనుడూ ఉన్నాడు. ఆర్నిథిన్ డీకార్బాక్సిలేజ్ అనే ఎంజైమును మరో ప్రొటీన్ చెయ్యి పట్టుకుని తిన్నగా మిషను దగ్గరికి తీసుకుపోతుంది!

● ఎవరూ ముట్టుకోకపోతే నీళ్ళలో ఒక ప్రొటీన్ బంధం తనంతట తాను తెగడానికి వందల ఏళ్ళు పడుతుంది! అదే ఈ మిషనులో పడితే, గొలుసు మొత్తం ముక్కలయ్యేందుకు నిమిషాలు చాలు.

● ఒక్కో మనిషి కణంలో ఈ మిషన్లు సుమారు 30,000 అని 2004 నోబెల్ ప్రకటనలో లెక్క చెప్పారు. మన ఊళ్ళలో చాలావాటి జనాభా కన్నా ఎక్కువే!

● ఎదిగిన మనిషి ఒంట్లో రోజుకు దాదాపు 300 గ్రాముల ప్రొటీన్ విరిగి, మళ్ళీ తయారవుతుంది. తినేది ఎంత? అందులో నాలుగో వంతు! తేడా ఎక్కణ్ణుంచి వస్తుందంటారా? విరిగిన అమైనో ఆమ్లాలనే ఒళ్ళు మళ్ళీ మళ్ళీ వాడుకుంటుంది.

● మిషన్లు తక్కువైతే కణానికి ఎలా తెలుస్తుంది? ఈస్ట్ ఉపాయం చూడండి. మిషను భాగాలన్నిటినీ తయారుచేయమని చెప్పే ఆర్‌పీఎన్4 అనే ప్రొటీన్ ఉంది. దాన్ని తినేది ఆ మిషనే! ఎంత తొందరగా తింటుందంటే రెండు నిమిషాల్లో సగం మాయం. మిషన్లు సరిపడా ఉన్నంతకాలం ఈ ప్రొటీన్ బతకదు, కొత్తవాటికి ఆర్డరు పోదు. మిషన్లు తగ్గాయో, ఇది మిగిలిపోతుంది, ఆర్డరు పోతుంది. సెన్సరు లేదు, మీటరు లేదు!

● ఈస్ట్‌కు పంచదార అయిపోతే మిషన్లను మూటగట్టి దాచేస్తుంది! 2008లో కనిపెట్టిన ఈ మూటలు, మళ్ళీ పంచదార వేయగానే కొద్ది నిమిషాల్లో విడిపోయి మిషన్లు పనిలోకి దిగుతాయి.

● జ్వరం వచ్చినప్పుడు మిషనుకు కత్తులు మారుస్తారు! వైరస్ వచ్చిందన్న కబురు ఇంటర్‌ఫెరాన్ ద్వారా అందితే, కొత్తగా కట్టే మిషన్లలో ఆ ఆరు కత్తుల చోట వేరే ఆరు కత్తులు పడతాయి. పాతవాటిలో మాత్రం మార్చడం కుదరదు, మొదటి నుంచీ కొత్తది కట్టాల్సిందే. కొత్త కత్తులు కోసే ముక్కల్లో ఎనిమిది నుంచి పది అమైనో ఆమ్లాలున్నవి కణం పైకి ఎక్కి, లోపల వైరస్ ఉందని రోగనిరోధక కణాలకు చూపిస్తాయి.

● ఇంకో రకం కత్తి ఉంది, అది ఒంట్లో ఒకే ఒక్క చోట దొరుకుతుంది: ఛాతీలోని థైమస్ గ్రంథిలో! రోగనిరోధక కణాలకు శిక్షణ ఇచ్చే ఆ బడికి ప్రత్యేకంగా ఒక మిషను ఉందని 2007లో జపాన్ శాస్త్రవేత్తలు చెప్పారు.

● మనకన్నా ఎక్కువ కత్తులున్న జీవి ఎక్కడుంటుందో తెలుసా? బొగ్గు గనుల చెత్తకుప్పల్లో! లోలోపల రాజుకుంటూ ఉండే ఆ కుప్పల్లో, 59 డిగ్రీల వేడిలో, నిమ్మరసంకన్నా పుల్లని ఆమ్లంలో హాయిగా పెరిగే సూక్ష్మజీవి థెర్మోప్లాస్మా. దాని మిషను కట్టడానికి రెండే రకాల ప్రొటీన్లు చాలు, ఒక్కోటి 14 చొప్పున. పద్నాలుగు కత్తులకూ పదునే! మన మిషనుకైతే 14 రకాలు కావాలి. 1995లో ఈ మిషను లోపలి కట్టడం మొదటిసారి స్పష్టంగా కనిపించింది కూడా ఈ జీవిలోనే.

● క్షయ క్రిమికీ ఈ మిషను ఉంది! చాలా బ్యాక్టీరియాకు లేనిది దానికి ఉండటమే వింత. ఇది దెబ్బతింటే, మన రోగనిరోధక కణాలు చిమ్మే నైట్రిక్ ఆక్సైడ్‌ను ఆ క్రిమి తట్టుకోలేదని 2003లో తేలింది. దాని బిళ్ళ యుబిక్విటిన్ కాదు, పప్ అనే 64 అమైనో ఆమ్లాల గొలుసు. ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు, కాబట్టి మనవాళ్ళు ఈ పప్ మీద ఓ కన్నేసి ఉంచడం మంచిదే.

● మిషనును ఆపేసే మందు క్యాన్సర్‌కు పనికొస్తుందా? మల్టిపుల్ మైలోమాకు బోర్టెజోమిబ్ ఆ పనే చేస్తుంది! ఆ క్యాన్సర్ కణాలు యాంటీబాడీ ప్రొటీన్లను గుట్టలుగా తయారుచేస్తాయి, చెత్త పోయే దారి మూసుకుంటే అవే ఉక్కిరిబిక్కిరవుతాయి. మందు అణువులో ఉన్న ఒక్క బోరాన్ పరమాణువు మిషనులోని థ్రియొనిన్‌ను పట్టుకుని కదలనివ్వదు. ఆ దారిలో మొదట కంపెనీ పెట్టిన హార్వర్డ్ శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ గోల్డ్‌బర్గ్ బృందం ఆశించింది వేరే: రోగుల కండలు కరిగిపోకుండా ఆపడం! 2003లో అమెరికాలో అనుమతి వచ్చింది మాత్రం క్యాన్సర్‌కు. దీని జనరిక్‌ను ఇప్పుడు హైదరాబాద్ కంపెనీలూ తయారుచేస్తున్నాయి.

● పరుగెత్తి వచ్చాక మీ కండల్లో ఈ మిషన్ల జోరు పెరుగుతుంది! వ్యాయామం వల్ల, ఉపవాసం వల్ల పెరిగే హార్మోన్లు టోపీలోని ఒక భాగానికి ఫాస్ఫేట్ అంటించి మిషను వేగం పెంచుతాయి. ఈ మీట ఎక్కడుందో 2015లో చెప్పిన హార్వర్డ్ పత్రంలో రచయితల వరసలో మొదటి పేరు సుదర్శనరెడ్డి లోకిరెడ్డి.

● బియ్యపు గింజ వెడల్పుకూ ఈ తరుగుడుకూ లంకె ఉంది! వరిలో జీడబ్ల్యూ2 అనే జన్యువు బిళ్ళ అంటించే ఎంజైమును తయారుచేస్తుంది. అది చెడితే గింజ వెడల్పుగా, బరువుగా పెరుగుతుందని 2007లో చైనా శాస్త్రవేత్తలు తేల్చారు.

● వరి సంగతి వచ్చింది కాబట్టి స్వర్ణ గురించి చెప్పకుండా ఎలా? పశ్చిమ గోదావరి మార్టేరులో పుట్టిన ఎంటీయూ 7029 అదే. చేను నీట మునిగితే మామూలు స్వర్ణ కుళ్ళిపోతుంది. ఒడిశా పాత వంగడం ఒకదాన్నుంచి సబ్1 జన్యువును ఫిలిప్పీన్స్‌లోని వరి పరిశోధన సంస్థలో ఇందులో కలిపారు. 2009లో మన దేశంలో విడుదలైన ఆ స్వర్ణ సబ్1 రెండు వారాల దాకా ముంపును తట్టుకుంటుంది! ఇందులో మన మిషను పాత్ర ఏమిటంటారా? మొక్కల్లో కొన్ని ప్రొటీన్లకు మొదట్లో ఒక గుర్తు ఉంటుంది. గాలి తగులుతున్నంతసేపూ ఆ గుర్తును చూసి బిళ్ళ అంటించి ప్రోటియాజోమ్‌కు అప్పగిస్తారు. నీట మునిగి ఆక్సిజన్ కరువైతేనే అవి బతుకుతాయి. సబ్1 జన్యువు నుంచి తయారయ్యే సబ్1ఏ ప్రొటీన్‌కూ సరిగ్గా అదే గుర్తుంది, అయినా దాన్ని ఎవరూ పట్టుకోలేకపోతున్నారని 2011లో తేలింది!

● మిషను కణం లోపలే ఉండాలని రూలేమీ లేదు! సముద్రం అడుగున రాళ్ళకు అతుక్కుని బతికే హాలోసింథియా అనే జీవి వీర్యకణాలు దాన్ని ఒంటి పైన తగిలించుకుని తిరుగుతాయి. గుడ్డు చుట్టూ ఉన్న పొరకు బిళ్ళ అంటించి, తరిగి, దారి చేసుకుని లోపలికి పోతాయని 2002లో జపాన్ వాళ్ళు కనిపెట్టారు. ఆ జీవిని జపాన్‌లోనూ కొరియాలోనూ ఇష్టంగా తింటారు కూడా, పచ్చిగానే!